ఎయిటీ పర్సెంట్ లోయర్ కొని ఇంట్లోనే రైఫిల్ బిల్డ్ చేయొచ్చా? టెక్సాస్‌లో ఉన్నాం, వచ్చే ఏడాది న్యూజెర్సీ మారొచ్చు

ఫ్రిస్కో కుర్రాడు (డాలస్)

అందరికీ నమస్కారం. పోయినేడు మాకు గ్రీన్ కార్డ్ వచ్చింది. అప్పటి నుంచి ఆఫీసు ఫ్రెండ్స్‌తో అప్పుడప్పుడూ షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నాను. వాళ్లలో ఒకతను తన ఏఆర్-15ని గ్యారేజీలో తనే బిల్డ్ చేసుకున్నాడు. సగం తయారైన రిసీవర్ పోస్టులో ఇంటికే వస్తుందట, డీలర్ దగ్గరికి వెళ్లక్కర్లేదట, బ్యాక్‌గ్రౌండ్ చెక్ లేదట, సీరియల్ నంబర్ కూడా అవసరం లేదట. "అంతా లీగలే" అంటున్నాడు.

నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది. నేను చిన్నప్పటి నుంచి ఇనుప రజను మధ్యే పెరిగాను. చేత్తో చేసుకున్న వస్తువు మీద నాకు మమకారం ఎక్కువ, అందుకే ఆశ పుట్టింది. కానీ గ్రీన్ కార్డ్ వచ్చి ఏడాదే అయింది కాబట్టి టెన్షన్‌గా ఉంది. పైగా మా ఆవిడ కంపెనీ వచ్చే వేసవికి న్యూజెర్సీకి రమ్మంటోంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి ఆరేళ్లు.

తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి, ప్లీజ్. యూట్యూబ్ చూస్తే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు.

---

మోడరేటర్

మంచి ప్రశ్నే, థ్రెడ్ ఉంచుతున్నాం. ఒక్క షరతు: ఎక్కడ ఎంత తొలవాలి, ఏ పనిముట్టు వాడాలి లాంటి తయారీ వివరాలు ఎవరూ రాయొద్దు, అలాంటి లింకులూ పెట్టొద్దు. చట్టం, ఖర్చు, భద్రత, అనుభవం వరకు రాయండి.

---

గోదారోడు (హ్యూస్టన్)

తమ్ముడూ, ముందు మూలం నుంచి చెప్తాను, అప్పుడు మిగతాది అర్థమవుతుంది.

అమెరికాలో 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం రైఫిల్ మొత్తంలో "తుపాకీ"గా లెక్కకొచ్చే భాగం ఒక్కటే, అదే రిసీవర్. ఏఆర్-15లో కింది భాగాన్ని లోయర్ అంటారు. ట్రిగ్గర్ అందులోనే కూర్చుంటుంది, సీరియల్ నంబర్ దాని మీదే ఉంటుంది. బ్యారెల్, స్టాక్, బోల్ట్ మామూలు విడిభాగాల్లాగే అమ్ముతారు. పూర్తయిన లోయర్ మాత్రం, దాంట్లో ఒక్క పిన్ను లేకపోయినా, తుపాకీయే. కొనాలంటే లైసెన్సున్న డీలర్ దగ్గరికి వెళ్లాలి, 4473 అనే ఫారం నింపాలి, ఎఫ్‌బీఐ నడిపే చెక్ పాసవ్వాలి. బేర్ లోయర్‌కి, అంటే ఏ భాగాలూ తగిలించని ఖాళీ లోయర్‌కి, వయసు 21 నిండాలి. 18కే ఇచ్చే పొడుగు తుపాకుల లెక్కలోకి అది రాదు.

ఈ నిబంధన పక్కనే "ఎయిటీ పర్సెంట్" వ్యాపారం పుట్టింది. ఇంకొంచెం పని మిగిలి ఉన్న ముక్క రిసీవర్ కాదు కాబట్టి చెక్ అవసరం లేదన్నది వాళ్ల వాదన. ఒకటి గుర్తుపెట్టుకో: ఆ "ఎనభై శాతం" అన్న మాట చట్టంలో ఎక్కడా లేదు. అది అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరు.

తుపాకుల చట్టాల అమలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ 2022లో కొత్త నియమం తెచ్చింది, ఆ ఏడాది ఆగస్టు 24 నుంచి అమల్లోకి వచ్చింది. సులువుగా పూర్తిచేసి తుపాకీగా మార్చుకోగలిగే కిట్లూ, సగం తయారైన ఫ్రేములూ, రిసీవర్లూ కూడా తుపాకీ కిందికే వస్తాయని దాని సారాంశం. దాని మీద కేసు వేశారు. కింది కోర్టులు నియమాన్ని కొట్టేస్తే 2025 మార్చి 26న సుప్రీం కోర్టు 7-2తో నిలబెట్టింది. తీర్పు రాసింది జస్టిస్ గోర్సచ్. థామస్, అలీటో విభేదించారు. మీ ఫ్రెండ్ బిల్డ్ చేసుకున్నది ఎప్పుడో అడుగు. 2022కి ముందైతే అప్పటి మాటే ఇప్పటికీ చెప్తున్నాడు.

---

ఫ్రిస్కో కుర్రాడు

అంటే అన్నా, ఇప్పుడు సగం తయారైన లోయర్ అసలు అమ్మకూడదా? ఇంకా వెబ్‌సైట్లలో కనిపిస్తున్నాయి కదా.

---

గోదారోడు (హ్యూస్టన్)

అందుకే ఇది గజిబిజి. ట్రిగ్గర్ కూర్చునే చోట ఏ పనీ జరగని, గుర్తులు కూడా పెట్టని ఏఆర్ ముక్కను ఒంటరిగా అమ్మితే అది రిసీవర్ కాదని ఆ నియమంలోనే ఉంది. అదే ముక్కకు జిగ్గో (ముక్కను పట్టి ఉంచే అచ్చు), టెంప్లేటో, పూర్తిచేసే సూచనలో జతచేసి అమ్మితే లెక్క మారిపోతుంది. ఒకే వెబ్‌సైట్‌లో ముక్క ఒకచోట, జిగ్ ఇంకోచోట పెట్టి అమ్మినా ఏటీఎఫ్ వాటిని కలిపే చూడొచ్చు. నువ్వు కొన్నది ఏ పక్కకి వస్తుందో ఇంట్లో కూర్చుని నువ్వే తేల్చుకోవాలి. ఇంజనీర్లం కదా, మనకి తెలియదా అనుకుంటాం. కానీ ఇది కొలతలతో తేలే విషయం కాదు.

ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కలిగి ఉండే అర్హత ఉన్న మనిషి సొంత వాడకానికి ఒకటి తయారు చేసుకోవడం నేరం కాదు, దాని మీద నంబర్ కొట్టించమని కూడా ఫెడరల్ చట్టం అడగదు. నీ ఫ్రెండ్ చెప్పినదాంట్లో నిజం అంతవరకే. టెక్సాస్ కూడా దీని మీద సొంత నిషేధమేమీ పెట్టలేదు. అమ్మే ఉద్దేశంతో చేస్తే మాత్రం తయారీదారు లైసెన్సు కావాలి. "నీకొకటి, నాకొకటి చేద్దాం" అని ఫ్రెండ్ దగ్గర డబ్బులు తీసుకోవడం కూడా అందులోకే వస్తుంది.

---

ఓఆర్డీ పారాలీగల్ (షికాగో)

ఇమిగ్రేషన్ లాయర్ ఆఫీసులో పనిచేస్తాను. నేను లాయర్ని కాను, మీ కేసుకి మీ లాయర్‌నే అడగండి. కానీ మనవాళ్లు ఈ విషయంలో చాలా తేలిగ్గా ఉంటారు కాబట్టి గట్టిగానే చెప్పాలనుకుంటున్నాను.

మొదటిది. హెచ్1బీ, ఎల్1, ఎఫ్1, హెచ్4 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండడమే ఫెడరల్ నేరం, కొన్ని మినహాయింపులు తప్ప. 922(జీ) సెక్షన్. శిక్ష పరిమితిని 2022లో 15 ఏళ్లకు పెంచారు. కొనకపోయినా సరే, చేతిలో ఉంటే చాలు. రేంజ్‌లో అద్దెకు తీసుకున్న తుపాకీ కూడా చేతిలో ఉన్నట్టే. ఫ్లోరిడాలో రెహాయిఫ్ అనే విద్యార్థి కేసు చూడండి. యూఏఈ నుంచి ఎఫ్1 మీద వచ్చాడు, కాలేజీ నుంచి తీసేశాక స్టేటస్ పోయింది, తర్వాత రేంజ్‌కి వెళ్లి కాల్చాడు. కేసు 2019లో సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. తన స్టేటస్ తనకు తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు అంది. అంతవరకు అతనికి ఊరటే, కానీ ఒక్క రోజు సరదా అంత దూరం తీసుకెళ్లింది.

రెండోది గ్రీన్ కార్డ్ వాళ్లకు. మీరు కొనొచ్చు, ఉంచుకోవచ్చు, ఫారంలో మీ ఏలియన్ నంబర్ రాస్తే సరిపోతుంది. కానీ ఇమిగ్రేషన్ చట్టంలో 237(ఏ)(2)(సీ) అని ఒక సెక్షన్ ఉంది. ఏ చట్టాన్నయినా ఉల్లంఘించి తుపాకీని కొన్నా, అమ్మినా, కలిగి ఉన్నా, ఆ కేసులో శిక్ష పడితే డిపోర్ట్ చేయొచ్చు. ఏ చట్టమైనా అంటే రాష్ట్ర చట్టం కూడా. తుపాకీయే కాదు, దాని భాగం కూడా అందులో ఉంది. సిటిజన్‌కి జరిమానాతోనో ప్రొబేషన్‌తోనో పోయేది, మనకి ఇల్లూ ఉద్యోగమూ పిల్లల చదువూ అన్నీ కదిలించేస్తుంది. ఫ్రిస్కో తమ్ముడికి సలహా ఇస్తున్న ఆ ఫ్రెండ్‌కి ఈ లెక్క లేదు. ఆయన పుట్టిందే ఇక్కడ.

---

వరంగల్ వేట (శాన్ ఆంటోనియో)

పారాలీగల్ గారు చెప్పిన మినహాయింపు గురించి ఒక మాట. నేను హెచ్1బీ మీదే ఉన్నాను. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే వీసా మీద ఉన్నవాళ్లకు కూడా ఆ నిషేధం వర్తించదు. డీలర్ దగ్గర ఆ లైసెన్సు కాపీ ఇచ్చే రైఫిల్ కొన్నాను. టెక్సాస్ లైసెన్సు ఏడాది ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ ఒకటిన చేతిలో కొత్తది లేకపోతే బీరువాలోని రైఫిల్ నా దగ్గర ఉండడమే నేరం. అందుకే ఆగస్టులో కొత్త లైసెన్సులు అమ్మకానికి రాగానే తీసుకుంటాను, రెండు లైసెన్సుల ప్రింట్లూ సేఫ్ తలుపు లోపల అంటించి ఉంచుతాను.

కానీ ఆ మినహాయింపు పట్టుకుని వీసా మీద ఉంటూ రిసీవర్ తొలిచే పని మాత్రం నేను చేయను, ఎవరినీ చేయమనను. డీలర్ దగ్గర కొంటే ఫలానా రోజున, ఫలానా లైసెన్సు చూపి, చెక్ పాసై కొన్నానని కాగితం ఉంటుంది. ఇంట్లో చేసుకున్నదానికి ఏ కాగితమూ ఉండదు. అది తయారైన రోజున నా లైసెన్సు చెల్లుబాటులో ఉందని ఎవరికైనా ఎలా చూపించను?

---

ఓఆర్డీ పారాలీగల్ (షికాగో)

సరిగ్గా చెప్పారు. ఇంకో సంగతి, గంజాయి. మా ఇల్లినాయ్‌లో షాపుల్లోనే అమ్ముతారు, కానీ ఫెడరల్ చట్టం దాన్ని ఒప్పుకోదు. వాడేవాళ్లు తుపాకీ కలిగి ఉండకూడదని 4473 ఫారం మీదే హెచ్చరిక ఉంటుంది. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు రెండిటికీ దూరంగా ఉంటేనే మంచిది.

---

టూల్‌రూమ్ మూర్తి (డెట్రాయిట్)

చట్టం సంగతి పెద్దలు చెప్పారు. నేను మెషీన్ల మనిషిని, ఏరోస్పేస్ విడిభాగాల షాపులో టూల్‌రూమ్ చూసుకుంటాను. ఆటోనగర్ బిడ్డ కదా, ఈ భాష అర్థమవుతుంది.

మంచి లోయర్లను 7075-టీ6 అల్యూమినియం ఫోర్జింగ్ నుంచి సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషీన్ మీద చేస్తారు. అంతా తొలిచాక, చివర్లో గట్టి అనోడైజింగ్ వేస్తారు. ఇంట్లో పూర్తిచేసేదాంట్లో వరస తిరగబడుతుంది. పై పూత ముందే ఉంటుంది, నువ్వు తొలిచిన లోపలి గోడలకు మాత్రం ఉండదు. ట్రిగ్గర్ పిన్నులు తిరిగే రంధ్రాలు సరిగ్గా ఆ పచ్చి అల్యూమినియంలోనే ఉంటాయి. గ్యారేజీ డ్రిల్ ప్రెస్‌లో కొంచెం ఊగే చక్‌తో ఆ రంధ్రాలు ఒకదానికొకటి సమాంతరంగా రావడం కష్టం. వెంట్రుకవాసి తేడా వస్తే ట్రిగ్గర్, హ్యామర్ ఒకదాన్నొకటి పట్టుకోవాల్సిన అంచులు కొసల మీదే నిలబడతాయి. అప్పుడు సేఫ్టీ పెట్టినా నమ్మకం ఉండదు, రైఫిల్ కింద పడితే పేలొచ్చు, ఒకసారి నొక్కితే రెండు పేలొచ్చు.

రెండు పేలడం రిపేరు సమస్య మాత్రమే కాదు. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే ఒకటి కంటే ఎక్కువ పేలేదాన్ని చట్టం మెషీన్ గన్ అంటుంది. 1986 మే తర్వాత తయారైనవి మామూలు మనుషుల దగ్గర ఉండకూడదు. విస్కాన్సిన్‌లో డేవిడ్ ఓలోఫ్‌సన్ అనే ఆయన తన ఏఆర్‌ని వేరే అతనికి వాడుకోమని ఇచ్చాడు. రేంజ్‌లో అది వరసగా పేలింది, పోలీసులొచ్చారు. అది పాడైన రైఫిల్ అని ఈయన వాదించాడు, లోపల కొన్ని ఎం16 (సైన్యం వాడే ఆటోమేటిక్ రైఫిల్) భాగాలున్నాయని ప్రభుత్వం చూపించింది. 2008లో 30 నెలల జైలు పడింది, అప్పీల్లో కూడా నిలబడింది. ఆయన కేసులో ఆ భాగాల గొడవ ఉంది, నీ కేసులో ఉండకపోవచ్చు. కానీ రేంజ్‌లో నీ చేతిలో రెండు పేలిన రోజున "అది నా డ్రిల్లింగ్ తప్పు" అని ఎవరిని నమ్మిస్తావు తమ్ముడూ?

ఇంకొకటి. "మూర్తి గారూ, మీ షాపులో సీఎన్‌సీ ఉంది కదా, ఆదివారం ఒక గంట ఇస్తారా" అని నన్నే ఇద్దరు ముగ్గురు అడిగారు. కుదరదు. లైసెన్సు లేని షాపు తన మెషీన్ మీద వేరేవాళ్ల రిసీవర్ పూర్తిచేసినా, బటన్ వాళ్ల చేతే నొక్కించినా, అది తుపాకుల తయారీ వ్యాపారమేనని ఏటీఎఫ్ 2015లో రూలింగ్ ఇచ్చింది. స్నేహం కోసం షాపు మీదికి తెచ్చుకోలేను.

---

ఫ్రిస్కో కుర్రాడు

మూర్తి గారూ, ధన్యవాదాలు. ఆ పూత సంగతి నాకు తట్టనే లేదు. ఖర్చు విషయంలోనైనా కలిసొస్తుందా?

---

టూల్‌రూమ్ మూర్తి (డెట్రాయిట్)

రాదు. నంబర్ ఉన్న బేర్ లోయర్, పేరున్న కంపెనీది, చాలాచోట్ల వంద డాలర్లలోపే దొరుకుతుంది. డీలర్ ట్రాన్స్‌ఫర్ ఫీజు పైన కొంచెం. అదే సగం ముక్క, దానికి జిగ్, కట్టర్లు అన్నీ కలిపితే అంతకు మించిపోతుంది. ఒక్కటి పాడైతే అంతే సంగతులు, తొలిచిన లోహం వెనక్కి రాదు. పైగా తయారీదారు వారంటీ లేదు, లోపం వస్తే రీకాల్ లేదు, తర్వాత అమ్ముదామంటే కొనేవాడు భయపడతాడు.

చేత్తో చేసుకున్న తృప్తి కావాలంటే పూర్తయిన లోయర్ కొని మిగతాదంతా నువ్వే అమర్చుకో. ట్రిగ్గర్, గ్రిప్, స్టాక్, అప్పర్ (బ్యారెల్, బోల్ట్ ఉండే పై భాగం), అన్నీ నీ ఇష్టం. అది పూర్తిగా చట్టబద్ధం. బ్యారెల్ అమర్చే దగ్గర హెడ్‌స్పేస్ మాత్రం గన్‌స్మిత్ చేత గేజ్ పెట్టించి చూపించు. తూటా వెనక భాగం బోల్ట్ ముఖానికి సరిగ్గా ఆనకపోతే కార్ట్‌రిడ్జ్ చీలి వేడి గ్యాస్ ముఖం మీదికి కొట్టొచ్చు. మీ నాన్నగారు గేజ్ లేకుండా బోర్ ఒప్పుకునేవారా?

---

గోదారోడు (హ్యూస్టన్)

అమర్చేటప్పుడు ఒక కొలత మర్చిపోకు. రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గితే, లేదా మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గితే అది షార్ట్ బ్యారెల్డ్ రైఫిల్, 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ (ఎన్‌ఎఫ్‌ఏ) కిందికి వస్తుంది. ముందే ఏటీఎఫ్ అనుమతి తీసుకోవాలి. 2026 జనవరి నుంచి దాని మీద 200 డాలర్ల పన్ను సున్నా అయింది, దాంతో రిజిస్ట్రేషన్ కూడా పోయిందని చాలామంది అనుకుంటున్నారు. పోలేదు. పొట్టి పిస్టల్ అప్పర్ కొని స్టాక్ ఉన్న లోయర్‌కి తగిలిస్తే కేసే.

ఏకే కిట్ల మీద కూడా మనవాళ్లకి మోజు ఉంది కాబట్టి చెప్తున్నా. తూర్పు యూరప్ నుంచి విడదీసి వచ్చిన కిట్‌తో సెమీ ఆటో రైఫిల్ బిల్డ్ చేస్తే, నియమంలో చెప్పిన 20 రకాల భాగాల్లో పదికి మించి విదేశీవి ఉండకూడదు. ట్రిగ్గర్, మ్యాగజైన్ ముక్కలు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. అదంతా లెక్కపెట్టుకునే ఓపిక లేకపోతే ముట్టుకోవద్దు.

---

ఎడిసన్ అక్క (న్యూజెర్సీ)

ఇన్ని రాశారు గానీ తమ్ముడి ప్రశ్నలో అసలు ముడి న్యూజెర్సీ దగ్గర ఉంది. మేము ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నాం, మావారు క్లబ్‌లో ట్రాప్ షూటింగ్ చేస్తారు, కాబట్టి ఇక్కడి సంగతి బాగా తెలుసు.

మొదటి మాట: నంబర్ లేని తుపాకీని న్యూజెర్సీలోకి తేవద్దు. 2018 నవంబర్‌లో అప్పటి గవర్నర్ మర్ఫీ సంతకం చేసిన చట్టంతో నంబర్ లేకుండా తుపాకీ తయారు చేసుకోవడానికి భాగాలు కొనడమే నేరమైంది, తర్వాత ఇంకా బిగించారు. తయారీయే కాదు, ఉంచుకోవడమూ నేరమే. "నేను టెక్సాస్‌లో ఉన్నప్పుడు లీగల్‌గా చేసుకున్నాను" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

రెండో మాట: నంబర్ ఉన్నా సరే, మామూలు ఏఆర్-15 ఇక్కడ ఉంచుకోవడం అంత తేలిక కాదు. 1990 నుంచి అసాల్ట్ ఫైర్‌ఆర్మ్ నిషేధం ఉంది, దాని మీద కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి. మ్యాగజైన్ పది తూటాలకు మించకూడదు. రైఫిల్ కొనాలంటే ముందు పోలీసుల దగ్గర ఐడీ కార్డు తీసుకోవాలి. మావారి కార్డు కోసం రిఫరెన్స్ ఇచ్చిన పక్కింటాయనకి పోలీసుల నుంచి ఈమెయిల్ వచ్చింది, ఆయన నింపి పంపేదాకా ఫైలు కదల్లేదు.

మూడో మాట, చాలామంది నమ్మే ప్రమాదకరమైన మాట: "ఫెడరల్ చట్టం ఉంది, డిక్కీలో తాళం వేసి తీసుకెళ్తే ఏ రాష్ట్రమూ ఏమీ చేయలేదు." 1986 చట్టంలో ఆ రక్షణ ఉంది, నిజమే. కానీ బయల్దేరే చోటా, చేరే చోటా రెండుచోట్లా నీ దగ్గర ఉండడం చట్టబద్ధమైతేనే. చేరే చోటే న్యూజెర్సీ అయినప్పుడు ఆ రక్షణ నీకు లేదు. సామాన్లు ఎక్కించుకుని పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వస్తూ టర్న్‌పైక్ మీద ఆపితే ఏంటి పరిస్థితి? దయచేసి ఆలోచించు నాన్నా.

---

ఫ్రీమాంట్ వాసి (కాలిఫోర్నియా)

అక్క చెప్పింది న్యూజెర్సీ ఒక్కదానికే కాదు. మా కాలిఫోర్నియాలో 2018 జులై నుంచి ఇంట్లో తయారు చేసుకునేవాళ్లు ముందే రాష్ట్ర న్యాయశాఖ దగ్గర నంబర్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి. 2022లో నంబర్ లేని సగం ముక్కల మీద కూడా నిషేధం తెచ్చారు. న్యూయార్క్ చట్టానికి స్కాట్ బీగెల్ పేరు పెట్టారు, 2018లో పార్క్‌ల్యాండ్ స్కూల్లో పిల్లల్ని క్లాసులోకి తీసుకుంటూ చనిపోయిన టీచర్ ఆయన. వాషింగ్టన్, కొలరాడో, ఇల్లినాయ్, మేరీలాండ్, మసాచుసెట్స్, కనెక్టికట్ అన్నీ ఏదో ఒక రూపంలో చట్టాలు చేశాయి. మన ఉద్యోగాలు ఎక్కువున్న రాష్ట్రాలే ఇవన్నీ. ఐటీవాళ్లం, ప్రాజెక్టు ఎటు లాగితే అటు పోతాం. టెక్సాస్‌లో ఒప్పుకున్నది సియాటిల్‌లో ఒప్పుకోరు.

సీరియల్ నంబర్ అనగానే ప్రభుత్వం నిఘా అని కొందరు చికాకు పడతారు. నేను మాత్రం యజమాని పక్క నుంచే ఆలోచిస్తాను. దొంగతనం జరిగితే పోలీసులకి ఏం చెప్తావు? నంబర్ ఉంటే పోయినవాటి జాబితాలో ఎక్కుతుంది, రేపు ఎక్కడైనా దొరికితే అది నీ దగ్గర పోయిందన్న రికార్డు ముందే ఉంటుంది. నంబర్ లేనిది నేరంలో దొరికి, దాని మీద నీ వేలిముద్ర ఉంటే, నువ్వు ముందే ఇచ్చిన ఫిర్యాదు ఈ తుపాకీ గురించేనని ఎవరు కలుపుతారు?

---

ఫ్రిస్కో కుర్రాడు

అక్కా, ఫ్రీమాంట్ గారూ, చాలా థ్యాంక్స్. మా ఆవిడ నా పక్కనే కూర్చుని ఈ థ్రెడ్ చదివింది. తయారీ ఆలోచన ఇంతటితో ఆపేశాను. న్యూజెర్సీ సంగతి తేలాక కొనాలా వద్దా చూస్తాను.

ఇంకో రెండు సందేహాలు. ఒకటి, పిల్లలున్న ఇంట్లో ఎలా ఉంచాలి? రెండు, నాన్న చూస్తే మురిసిపోతారని ఆ ఖాళీ ముక్క ఒకటి, ఏమీ తొలవనిది, ఇండియా వెళ్లేటప్పుడు తీసుకెళ్దామనుకున్నాను. వట్టి అల్యూమినియం దిమ్మే కదా?

---

ఓఆర్డీ పారాలీగల్ (షికాగో)

ఇండియాకి వద్దే వద్దు. అక్కడి ఆయుధ చట్టంలో "ఆయుధాలు" అన్న నిర్వచనంలోనే వాటి భాగాలూ, వాటిని తయారు చేసే యంత్రాలూ ఉన్నాయి. ఎనభై శాతమా వంద శాతమా అని ఎయిర్‌పోర్టులో ఎవరూ వినరు. ఇక్కడి నుంచి బయటికి పంపేటప్పుడు అమెరికా ఎగుమతి నియంత్రణలు కూడా అడ్డొస్తాయి.

ఇంకో సంగతి. రేంజ్‌కి వాడే బ్యాగులో ఇండియాకి సామాన్లు సర్దొద్దు. మూల జేబులో మిగిలిపోయిన ఒక్క తూటా స్కానర్‌లో కనపడి కేసులైనవాళ్లు చాలామంది ఉన్నారు. తెలియక ఉండిపోయిందని కోర్టులు కొట్టేసిన కేసులు చాలానే ఉన్నాయి, కానీ ఆ లోపు ఫ్లైట్ పోతుంది, సెలవు పోతుంది, వీసా స్టాంపింగ్ తేదీ పోతుంది.

---

గుంటూరు బీటెక్

అన్నయ్యలకు నమస్కారం. నేను ఇండియాలోనే ఉన్నాను, మెకానికల్ మూడో సంవత్సరం. ఇక్కడ సొంతంగా, కాల్చకుండా కేవలం మోడల్‌గా చేసుకోవచ్చా?

---

గోదారోడు (హ్యూస్టన్)

తమ్ముడూ, పనిచేసే భాగం ఏదీ చేయొద్దు. లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేస్తే 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్ల జైలు, యావజ్జీవం దాకా ఉంది. మోడల్‌గా చేశానన్నా, లోహంతో చేసిన అసలు భాగం దొరికితే వాదన చాలా కష్టం. ప్రాజెక్టుకి కావాలంటే కంప్రెసర్ తీసుకో, గేర్‌బాక్స్ తీసుకో, నేర్చుకోవడానికి అందులో బోలెడంత ఉంది.

షూటింగ్ మీద నిజంగా ఆసక్తి ఉంటే హైదరాబాద్ గచ్చిబౌలి రేంజ్‌లో చేరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాద్ కుర్రాడే. ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టి రాష్ట్ర స్థాయి పోటీలకి వెళ్లినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు.

---

వరంగల్ వేట (శాన్ ఆంటోనియో)

పిల్లల సంగతి నేను చెప్తా. టెక్సాస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే పెద్దవాళ్ల మీద కేసు. చట్టం అలా ఉంచు, మా ఇంట్లో పద్ధతి ఇది: రైఫిల్ గోడకి బోల్టు బిగించిన సేఫ్‌లో, బోల్ట్ విడదీసి ఉంటుంది. తూటాలు వేరే గదిలో, వేరే తాళం. కోడ్ మా ఆవిడకి, నాకు తప్ప ఎవరికీ తెలియదు, పిల్లల పుట్టినరోజులు కోడ్‌గా పెట్టలేదు. పిల్లల్ని ఎవరింటికైనా ఆడుకోవడానికి పంపేముందు "మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా" అని అడుగుతాం. మొదట్లో మొహమాటంగా ఉండేది. ఇప్పుడు వేరుశనగ అలర్జీ ఉందని చెప్పినంత మామూలుగా అడిగేస్తున్నాం.

---

కొత్త సభ్యుడు 77 (ఆస్టిన్)

ఆలస్యంగా చూశాను ఈ థ్రెడ్. నా పరిస్థితి వేరు. నేను సిటిజన్‌ని. కొన్నేళ్ల కిందట, కొత్త నియమం రాకముందు, ఒకటి బిల్డ్ చేసుకున్నాను, దాని మీద నంబర్ లేదు. ఇప్పుడు నాకు కూడా బోస్టన్‌లో ఆఫర్ వచ్చింది. దీన్ని ఏం చేయాలి? ఫ్రెండ్‌కి ఇచ్చేసి వెళ్లొచ్చా?

---

గోదారోడు (హ్యూస్టన్)

నువ్వు బయల్దేరకముందే తేల్చుకోవాల్సిన పని ఇది. బోస్టన్ వెళ్లాక కాదు.

దారులు మూడున్నాయి. ఒకటి, లైసెన్సున్న డీలర్ దగ్గరికి తీసుకెళ్లు. అతను దాన్ని తన పుస్తకంలోకి ఎక్కించుకుంటే ఏడు రోజుల్లోపు దాని మీద నంబర్ చెక్కాలి, నియమం అదే. ఆ నంబర్‌తో అది అమ్మకానికి కుదురుతుంది. అందరు డీలర్లూ ఒప్పుకోరు, ముందు ఫోన్ చేసి కనుక్కో. రెండు, టెక్సాస్‌లోనే ఉండే, అర్హత ఉన్న మనిషికి ఇవ్వడం. ఎప్పుడో సొంతానికి చేసుకున్నదాన్ని ఒకసారి వదిలించుకోవడం లైసెన్సు లేని వ్యాపారం కిందికి రాదు. అయినా నేనైతే డీలర్ ద్వారానే ఇస్తాను, ఎవరికి ఎప్పుడు ఇచ్చావో రుజువుంటుంది. వేరే రాష్ట్రంలో ఉన్న తమ్ముడికో బావమరిదికో మాత్రం చేతికి చేయి ఇవ్వకూడదు, అది డీలర్ ద్వారానే జరగాలి. మూడు, లోకల్ పోలీసులకి అప్పగించడం. కానీ తుపాకీ పట్టుకుని స్టేషన్‌కి వెళ్లొద్దు. ముందు నాన్ ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి, ఎలా తీసుకుంటారో అడిగి, వాళ్లు చెప్పినట్టు చేయి.

బోస్టన్ ఆఫర్‌కి సంతకం పెట్టేముందు మసాచుసెట్స్ లాయర్‌తో ఒక అరగంట మాట్లాడు. అక్కడ 2024లో చట్టం మళ్లీ మార్చారు, రైఫిల్ ఉంచుకోవడానికే లైసెన్సు కావాలి, నీ మిగతా తుపాకుల సంగతి కూడా అడగాల్సి వస్తుంది.

---

కొత్త సభ్యుడు 77 (ఆస్టిన్)

థ్యాంక్స్ అన్నా. ఇక్కడ ఇద్దరు డీలర్లకి ఫోన్ చేశాను. ఒకరు వద్దన్నారు, ఇంకొకరు శనివారం తీసుకురమ్మన్నారు. చెక్కడానికి విడిగా ఫీజు తీసుకుంటారట, ఒప్పుకున్నాను.